పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా? పిల్లల ఆటలో అవకాశాల లెక్క

"పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది" అన్నది తెలుగువారి సామెత. "ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడి" అన్నదీ తెలుగువారి సామెతే. మొదటిది నిజమైతే ప్రతిభ గల బాలుణ్ణి తొలిచూపులోనే గుర్తించవచ్చు. రెండవది నిజమైతే తొలిచూపులో వెనుకబడినవాణ్ణి తోసివేయడం తగని పని అవుతుంది. ఈ రెండింటిలో ఏది సత్యానికి దగ్గర? ఇది కేవలం పండితుల చర్చకు పరిమితమైన ప్రశ్న కాదు. శీతకాలంలో శనివారం తెల్లవారుజామున మిస్సిసాగా నగరంలోని మంచు మైదానాలలో పిల్లల జట్లను ఆడించే ప్రతి శిక్షకుడూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వస్తున్నది. ఆ జవాబు మాటలలో ఉండదు. ఏ బాలుణ్ణి ఎంతసేపు ఆడించాడు, ఎవరిని బెంచీమీద కూర్చోబెట్టాడు అన్న నిమిషాల లెక్కలో ఉంటుంది.

మిస్సిసాగాకూ మంచు హాకీకీ గల అనుబంధం గట్టిది. 1978 నుండి 2014 వరకు ఈ నగరానికి మేయరుగా పనిచేసిన హేజెల్ మెకాలియన్ తన యౌవనంలో మాంట్రియల్‌లో పారితోషికం పుచ్చుకొని హాకీ ఆడిన క్రీడాకారిణి. ఇటువంటి ఊరిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో, తాము ఏనాడూ మంచుమీద కాలుమోపని తలిదండ్రులు తమ పిల్లలకు స్కేటుల తాళ్ళు బిగించి మైదానంలోకి పంపుతున్నారు. మరికొందరి పిల్లలు వేసవి ముగిసే వేళకు ఫుట్‌బాల్ జట్లలో చేరుతున్నారు. ఆట కొత్త, దాని మర్యాదలు కొత్త. అందుచేత బిడ్డ ఎక్కువసేపు బెంచీమీదనే కూర్చున్నప్పుడు దానికి అర్థమేమిటో ఆ తలిదండ్రులకు తెలియదు. "మనవాడికి ఈ ఆట రాదేమో" అనుకొని మరుసటి సంవత్సరం మాన్పించివేయడం పరిపాటి. ఆ నిర్ణయానికి ముందు తెలుసుకోదగిన శాస్త్రీయ విషయాలు కొన్ని ఉన్నాయి.

ఆడితేనే తెలుస్తుంది, తెలిస్తేనే ఆడిస్తారు

కెనడియన్ ఫుట్‌బాల్‌లో జట్టుకు పన్నెండుమంది ఆడతారు. పది గజాలు ముందుకు సాగడానికి మూడే ప్రయత్నాలు ఉంటాయి. అమెరికా ఆటలో నాలుగు. ప్రయత్నాలు తక్కువ కావడంవల్ల ఇక్కడ బంతిని పట్టుకొని పరుగెత్తడంకన్న విసరడానికి ప్రాధాన్యం ఎక్కువ. క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు బంతిని విసరుతాడు. రిసీవర్ అనే ఆటగాడు నిర్ణయించిన దారిలో పరుగెత్తి దానిని అందుకుంటాడు. ఈ రిసీవర్ స్థానంలోకి కొత్తగా వచ్చిన యువకుని పరిస్థితి విచిత్రమైనది. బంతి తనవైపు విసిరితే తప్ప అతడు తన నేర్పును చూపలేడు. నేర్పు చూపితే తప్ప బంతిని అతనివైపు విసరరు. పది ఆటలు ఆడినా అతని పేరు ఎదుట చెప్పుకోదగిన అంకె ఒక్కటీ లేకపోవచ్చు. ఆ శూన్యానికి అర్థం "చేతకాదు" అని కాదు. "ఇంకా తెలియదు" అని మాత్రమే.

ఇటువంటి స్థితిలో శిక్షకులు అంకెలకు బదులు వేరే గుర్తులను చూస్తారు. ఆ యువకుడు పథకాలను కంఠస్థం చేశాడా? నిర్ణయించిన దారిలో, నిర్ణయించిన అడుగు దగ్గర మలుపు తిరుగుతున్నాడా? బంతి తన చేతికి రానప్పుడు కూడా తోటి ఆటగానికి అడ్డునిలిచి దారి ఇస్తున్నాడా? చెప్పిన పొరపాటును మరునాటికి దిద్దుకున్నాడా? ఇవన్నీ సమంజసమైన పరీక్షలే. దారి తెలియని రిసీవర్ వల్ల బంతి ప్రత్యర్థి చేతికి పోవచ్చు. అంతకన్న ముఖ్యంగా, సిద్ధంగా లేని బాలుడు మైదానం నడుమ దెబ్బ తినవచ్చు. కావున సాధన చాలని పిల్లవాణ్ణి ఆపి ఉంచిన శిక్షకుణ్ణి నిందించడం తగదు. అయితే సాధనలో సిద్ధమైన తరువాత కూడా మిగిలే ప్రశ్న ఒకటి ఉన్నది. నిరూపించుకున్న పాతవాడు ఉండగా, నిరూపించుకొనని కొత్తవానికి ఎంత సమయం ఇవ్వాలి?

మంచు హాకీలో ఈ ప్రశ్న మరింత స్పష్టంగా నిమిషాలలో కనిపిస్తుంది. గోలీని మినహాయిస్తే ఒక్కో జట్టు నుండి ఐదుగురు ఒకేసారి మంచుమీద ఉంటారు. జట్టులో పదిహేనుమంది ఉన్నారనీ, ఆట నలభై ఐదు నిమిషాలనీ అనుకుందాము. సమానంగా పంచితే ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు వస్తాయి. శిక్షకుడు గెలుపుకోసం మొదటి ఐదుగురికి ఇరవై, నడిమివారికి పదిహేను, చివరివారికి పది నిమిషాల చొప్పున ఇచ్చాడనుకుందాము. ఒక్క ఆటలో పది నిమిషాల తేడా ఏమంత పెద్దది కాదనిపిస్తుంది. కాని ఏడాదికి అరవై ఆటలైతే ఆ తేడా పది గంటలు. నాలుగేండ్లలో నలభై గంటలు. అదీ ఉత్సాహం ఉరకలు వేసే అసలైన ఆటలో గడిపే గంటలు. నాలుగేండ్ల తరువాత మొదటివాడు చివరివానికన్న మెరుగ్గా ఆడితే, శిక్షకుడు "చూశారా, నేను ముందే గుర్తించాను" అనుకుంటాడు. గుర్తించినది ఎంత, తయారుచేసినది ఎంత అన్నది ఎవరికీ తెలియదు.

పుట్టిన నెల చేసే మాయ

ఈ మొదటి గుర్తింపు ఎంత పొరపాటుకు లోనుకాగలదో కెనడా దేశపు హాకీయే ప్రపంచానికి తెలియజేసింది. 1980 దశకం తొలినాళ్ళలో ఆల్బర్టా రాష్ట్రంలోని లెత్‌బ్రిడ్జ్ పట్టణంలో మనస్తత్త్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్‌స్లీ కుటుంబంతో యువకుల హాకీ ఆట చూడడానికి వెళ్ళాడు. ఆయన భార్య పౌలా చేతిలో ఉన్న కార్యక్రమ పత్రంలో ఆటగాళ్ళ పుట్టిన తేదీలు అచ్చయి ఉన్నాయి. వాటిని చదువుతూ ఉండగా జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలే మళ్ళీ మళ్ళీ రావడం ఆమె గమనించింది. బార్న్‌స్లీ ఇంటికి వచ్చి మరికొన్ని జట్ల వివరాలు సేకరించగా అన్నిటా అదే వరుస కనిపించింది. ఆయన, తన సహచరులతో కలిసి, 1985లో ఈ విషయాన్ని ప్రకటించాడు. అంతకు ఒక ఏడాది ముందు క్యూబెక్‌లో సిమోన్ గ్రోండాన్ బృందం కూడా ఇటువంటి ఫలితాన్నే స్వతంత్రంగా వెల్లడించింది. మేటి జట్లలోని యువ ఆటగాళ్ళలో రమారమి నూటికి నలభైమంది సంవత్సరపు మొదటి మూడు నెలలలో పుట్టినవారు. ముప్ఫైమంది తరువాతి మూడు నెలలవారు. ఇరవైమంది ఆ తరువాతివారు. అక్టోబరు నుండి డిసెంబరు దాకా పుట్టినవారు పదిమంది మాత్రమే. దీనికి సాపేక్ష వయః ప్రభావం అని పేరు.

కారణం గ్రహగతులలో లేదు, పట్టికలో ఉన్నది. కెనడాలో పిల్లల హాకీకి వయసు గీత డిసెంబరు 31. జనవరి 1న పుట్టినవాడూ అదే సంవత్సరం డిసెంబరు 31న పుట్టినవాడూ ఒకే జట్టుకు పోటీపడతారు. ముప్ఫై ఏండ్ల వయసులో పన్నెండు నెలల తేడాకు విలువ లేదు. ఎనిమిదేండ్ల వయసులో అది మొత్తం జీవితంలో ఎనిమిదో వంతు. పెద్దవాడు పొడవుగా, బలంగా ఉంటాడు. చెప్పిన మాట త్వరగా గ్రహిస్తాడు. శిక్షకుని కంటికి ఈ ఎదుగుదల ప్రతిభగా కనిపిస్తుంది. అతనిని మేటి జట్టులోకి తీసుకుంటారు. అక్కడ మంచి శిక్షణ, ఎక్కువ ఆటలు, గట్టి సహచరులు లభిస్తారు. కొన్నేండ్లకు అతడు నిజంగానే మెరుగైనవాడవుతాడు. తొలి పొరపాటు తనను తానే నిజం చేసుకుంటుంది.

ఈ పొరపాటు పెద్దవారి ఆటదాకా వెంటాడుతుందని 2013లో రాబర్ట్ డీనర్, ఆరన్ లోవెన్, స్టీఫెన్ కోబ్లీ అనే పరిశోధకులు చూపారు. నేషనల్ హాకీ లీగ్‌లోని జట్లు యువకులను వరుసగా ఎంచుకొనే డ్రాఫ్ట్ లెక్కలను వారు చాలా సంవత్సరాలకు పరిశీలించారు. మొదటి మూడు నెలలలో పుట్టినవారితో పోల్చితే, ఏడాది రెండవ సగంలో పుట్టినవారిని వారి తరువాతి ఆటతీరుకు తగిన స్థానంకన్న నలభైకి పైగా స్థానాలు వెనుక ఎంచుకున్నారని తేలింది. నాలుగువందల ఆటలు ఆడడం, రెండువందల పాయింట్లు సాధించడం వంటి మైలురాళ్ళను చేరడంలో ఈ వెనుకటివారే మొదటివారికన్న దాదాపు రెట్టింపు సఫలురయ్యారు. అనగా లక్షలాది డాలర్లు వెచ్చించి, అనుభవజ్ఞులను నియమించి చేసే ఎంపికలో కూడా కొమ్ములకన్న చెవులకే ఎక్కువ విలువ కట్టారన్నమాట.

ఈ సందర్భంలో మిస్సిసాగాలోనే పుట్టిన జాన్ టవారెస్ కథ తలచుకోదగినది. అతడు 1990 సెప్టెంబరు 20న జన్మించాడు. తన సంవత్సరపు జట్టులో చిన్నవారిలో ఒకడు. అయినా అతని నేర్పు ఎంత ప్రస్ఫుటంగా ఉండినదంటే, 2005లో పద్నాలుగేండ్ల ప్రాయంలోనే ఆంటారియో హాకీ లీగ్ అతని కోసం అసాధారణ ఆటగాడు అనే ప్రత్యేక నిబంధన కల్పించింది. ఆషవా జట్టు అతనిని అందరికన్న ముందుగా ఎంచుకున్నది. 2006-07లో అతడు 72 గోల్స్ చేసి, పదహారేండ్ల వయసులో వేన్ గ్రెట్స్కీ నెలకొల్పిన 70 గోల్స్ రికార్డును దాటాడు. అంతటివానికీ మరొక గీత అడ్డు వచ్చింది. నేషనల్ హాకీ లీగ్ డ్రాఫ్ట్‌లో ప్రవేశానికి ఆ ఏడాది సెప్టెంబరు 15 నాటికి పద్దెనిమిదేండ్లు నిండాలి. ఐదు రోజులు ఆలస్యంగా పుట్టినందుకు టవారెస్ 2008లో కాక 2009లో మాత్రమే అర్హుడయ్యాడు. ఆ ఏడాది అతడే మొదటి స్థానంలో ఎంపికయ్యాడు.

ఈ కథ విన్నవారు "ప్రతిభ ఉంటే ఏ గీతా ఆపలేదు" అనుకోవచ్చు. అది సగం నిజం మాత్రమే. లక్షమందిలో ఒకనిని ఏ గీతా దాచలేదు. కాని ఆ లక్షలో అధికులు నడిమి వరుసవారు. కొంత నేర్పు, కొంత కొరత గలవారు. గీతకు బలి అయ్యేది వారే. వారి కథలు ఎవరూ వ్రాయరు గనుక ఆ నష్టం లెక్కకు రాదు.

కొద్ది ఆటలు, పెద్ద తీర్పులు

పుట్టిన తేదీని సవరించి చూసినా మరొక చిక్కు మిగులుతుంది. అది అదృష్టపు పాత్ర. ఒక రిసీవర్‌కు పది బంతులు విసరితే ఆరు పట్టగల సహజ సామర్థ్యం ఉన్నదనుకుందాము. శిక్షకుడు అతనికి ఐదు బంతులే విసిరించి చూశాడు. గణితం ప్రకారం, ఇటువంటి ఆటగాళ్ళు వందమంది ఉంటే అందులో సుమారు 32 మంది సగంకన్న తక్కువ బంతులే పట్టినట్లు కనిపిస్తారు. ఇరవై బంతులు విసిరి చూస్తే ఆ సంఖ్య 13కు తగ్గుతుంది. యాభై విసిరితే 6కు. ఐదు బంతులతో తీర్పు చెప్పే శిక్షకుడు సమర్థులైన ముగ్గురిలో ఒకరిని అసమర్థుని క్రింద జమకడుతున్నాడన్నమాట.

కొద్దిపాటి సమాచారం నుండి ఎంత నిశితంగానైనా తెలుసుకోగలిగినదానికి ఒక హద్దు ఉన్నదని నిరూపించినవారిలో ఒకరు తెలుగువారు కావడం గర్వకారణం. కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో, పాతికేండ్ల ప్రాయంలో, కలకత్తా గణిత సంఘం పత్రికలో వారు ప్రకటించిన ఫలితం నేడు క్రామేర్-రావు హద్దు అన్న పేరుతో ప్రపంచమంతటా పాఠ్యగ్రంథాలలో ఉన్నది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి పొందిన రావుగారు ఆ ఏడాది ఆగస్టులోనే కీర్తిశేషులయ్యారు. వారు చివరి సంవత్సరాలు గడిపిన బఫెలో నగరం మిస్సిసాగాకు సరిహద్దు ఆవల, గంటన్నర ప్రయాణపు దూరంలోనే ఉన్నది. ఆ హద్దును మైదానానికి అన్వయిస్తే తేలేది ఇది: బంతుల సంఖ్య నాలుగు రెట్లు పెరిగితే గాని అంచనాలోని పొరపాటు సగానికి తగ్గదు. ఎంతటి అనుభవజ్ఞుడైన శిక్షకుడైనా కేవలం ఆ ఐదు బంతుల నుండి అంతకు మించిన నిశ్చయాన్ని పిండలేడు.

మరి కొద్దిపాటి సమాచారంతో ఏమి చేయాలి? దీనికి 1956లో చార్లెస్ స్టైన్ ఒక ఆశ్చర్యకరమైన జవాబు చూపాడు. బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మారిస్ అనే శాస్త్రవేత్తలు దానిని 1970 నాటి బేస్‌బాల్ లెక్కలతో వివరించారు. పద్దెనిమిది మంది బ్యాటర్లకు ఆ సీజన్లో తొలి 45 అవకాశాలలో వచ్చిన ఫలితాలను వారు తీసుకున్నారు. అందరిలో పైన ఉన్నది రొబెర్టో క్లెమెంటే. 45లో 18 హిట్లు, అంటే వందకు 40. క్రిందినుండి రెండవవాడు థర్మన్ మన్సన్ అనే కొత్త ఆటగాడు; 45లో 8, అంటే వందకు 18. ఒక్కొక్కరి అంకెనూ ఉన్నదున్నట్లు నమ్మకుండా, అందరి సగటైన 26.5 వైపు బాగా దగ్గరకు జరిపి అంచనా కట్టారు. ఆ ప్రకారం క్లెమెంటేకు 29, మన్సన్‌కు 25 వచ్చాయి. సీజన్ మిగిలిన భాగంలో వాస్తవంగా క్లెమెంటే వందకు 35 హిట్లు, మన్సన్ 32 చేశారు. పద్దెనిమిది మందినీ కలిపి చూస్తే, సగటువైపు జరిపిన అంచనాలలో మొత్తం పొరపాటు మూడో వంతుకన్న తక్కువైంది.

ఇందులోని నీతి సులభం. కొద్ది ఆటలలో మెరిసినవాణ్ణి అంతగా పొగడవద్దు. కొద్ది ఆటలలో తడబడినవాణ్ణి అంతగా తీసివేయవద్దు. ఇద్దరూ చాలావరకు తమ తోటివారివంటివారే అనుకొని మొదలుపెట్టాలి. అన్నట్టు, 45 అవకాశాలలో 8 హిట్లు మాత్రమే చేసిన ఆ థర్మన్ మన్సన్‌ను న్యూయార్క్ యాంకీస్ మేనేజరు బెంచీకి పంపలేదు; ఆడిస్తూనే ఉన్నాడు. ఆ ఏడాది చివర అమెరికన్ లీగ్‌లో ఉత్తమ నూతన ఆటగాడి బహుమతి అతనికే దక్కింది.

ఎరిగిన హోటలు, ఎరుగని హోటలు

అంచనా ఒక ఎత్తు. నిర్ణయం మరొక ఎత్తు. ఒక ఊరిలో రెండు భోజన హోటళ్ళు ఉన్నాయనుకుందాము. ఒకటి ఎరిగినది, భోజనం ఫరవాలేదు. రెండవది కొత్తది, ఎలా ఉంటుందో తెలియదు. రేపు ఊరు విడిచిపోయేవాడు ఎరిగినదానికే పోవాలి. కొత్తది బాగున్నదని తెలిసినా ఆ తెలివి అతనికి మళ్ళీ అక్కరకు రాదు. ఆ ఊరికి కాపురానికి వచ్చినవాడు మాత్రం కొత్తదానిని నాలుగుసార్లైనా చూడాలి. అది మంచిదైతే ఆ లాభం ఏళ్ళ తరబడి దక్కుతుంది; చెడ్డదైతే నష్టం నాలుగు పూటలతో సరి.

ఈ సమస్యను గణితంలోకి మొదట తెచ్చినది 1933లో విలియమ్ థాంప్సన్. ఆయన ఆలోచించినది ఆటల గురించి కాదు, వైద్యం గురించి. రెండు చికిత్సలలో ఏది మేలో సరిగా తెలియనప్పుడు రోగులను ఎలా పంచాలన్నది ఆయన ప్రశ్న. ఒక చికిత్స మేలైనదని నమ్మడానికి వందకు ముప్ఫై పాళ్ళు ఆధారం ఉంటే, దానికి వందకు ముప్ఫైమందిని పంపాలి. ఫలితాలు వచ్చేకొద్దీ ఆ నిష్పత్తిని సవరిస్తూ పోవాలి అన్నది ఆయన జవాబు. 1952లో హెర్బర్ట్ రాబిన్స్ ఈ సమస్యను విస్తరించాడు. 1985లో లాయ్, రాబిన్స్ కలిసి మరొక సూత్రం ఇచ్చారు. దాని సారాంశం ఏమనగా, ఎవరి గురించి తక్కువ తెలుసో వారికి సందేహ లాభం ఇవ్వాలి.

దీనిని రిసీవర్లకు అన్వయించి చూడవచ్చు. పాతవాడు వంద బంతులలో 60 పట్టాడు. కొత్తవాడు నాలుగింటిలో రెండు పట్టాడు, అంటే సగం. పైపైన చూస్తే పాతవాడే మేలు. కాని పాతవాని అంకె వంద బంతుల మీద నిలిచినది. అది ఐదు పాళ్ళు అటూ ఇటూ కదలగలదు. కొత్తవాని అంకె నాలుగు బంతుల మీద నిలిచినది. అది ఇరవై ఐదు పాళ్ళు కదలగలదు. పాతవాడు మహా అయితే 65 దాకా పోవచ్చు. కొత్తవాడు 75 దాకా పోవచ్చు. సీజను పొడుగునా ఇంకా ఎన్నో ఆటలు ఉంటే కొత్తవానికి మరికొన్ని బంతులు విసిరి చూడడమే లాభం. అదే సీజనులో చివరి ఆట, చివరి నిమిషం అయితే పాతవానికే విసరాలి.

ఈ సమస్యకంతటికీ ఇక్కడే కీలకం ఉన్నది. అవకాశం ఎంత ఇవ్వాలన్నది ముందున్న కాలం ఎంత అన్నదానిమీద ఆధారపడుతుంది. పిల్లవాని ముందు పదేండ్లు ఉన్నాయి. శిక్షకుని ముందు ఈ శనివారం ఆట ఉన్నది. మహా అయితే ఈ సీజను ఉన్నది. వచ్చే ఏడాది ఆ పిల్లవాడు మరొక జట్టుకు పోతాడు. వానికి ఈనాడు ఇచ్చిన అవకాశపు ఫలం వేరొక శిక్షకుడు అనుభవిస్తాడు. కావున మంచి శిక్షకుడు కూడా తన కాలమానంతో లెక్కవేస్తే పిల్లవానికి తక్కువ సమయమే ఇస్తాడు. ఇది దుష్టత్వం కాదు, గడియారాల తేడా. పిల్లల ఆటలో చాలామంది శిక్షకులు జీతం లేకుండా, తమ సాయంకాలాలు వెచ్చించి పనిచేసే తల్లులూ తండ్రులే అన్న సంగతి కూడా మరువరాదు.

నియమాల అవసరం

వ్యక్తి మంచితనం చాలని చోట నియమం కావాలి. కెనడియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో ప్రతి జట్టూ నిర్ణీత సంఖ్యలో కెనడా ఆటగాళ్ళకు స్థానం ఇచ్చి తీరాలన్న నిబంధన చిరకాలంగా ఉన్నది. ఆ నిబంధన లేకుంటే అమెరికా విశ్వవిద్యాలయాలలో పేరు గడించి వచ్చినవారిని కాదని, స్థానిక యువకునికి బంతి విసిరే సాహసం ఎందరు శిక్షకులు చేసేవారో చెప్పలేము.

చిన్నపిల్లల హాకీలో కూడా మార్పు వచ్చింది. హాకీ కెనడా సంస్థ 2017లో ఐదారేండ్ల పిల్లలందరూ పూర్తి మైదానంలో కాక, దానిని అడ్డంగా విభజించిన చిన్న భాగాలలోనే ఆడాలని నిర్ణయించింది. తరువాత తొమ్మిదేండ్ల లోపువారికి సగం మైదానం ఆటను విస్తరించారు. పెద్ద మైదానంలో ముందే ఎదిగిన ఒకడు పక్‌ను తీసుకొని పారిపోతే తక్కినవారందరూ ప్రేక్షకులే. చిన్న మైదానంలో పక్ అందరి కర్రలకూ తగులుతుంది. తీర్పు చెప్పే ముందు అందరినీ తగినన్నిసార్లు చూడాలన్న గణిత సూత్రానికి ఇది ఆచరణరూపం.

ఎంపికదారుల కంటిని సవరించడానికి 2017లో డేవిడ్ మాన్, ప్లూన్ వాన్ గినెకెన్ అనే పరిశోధకులు ఒక చిన్న ఉపాయం ప్రకటించారు. సాకర్ ఆడే బాలుర చొక్కాలమీది అంకెలను వారి వయసు క్రమంలో వేసి, ఆ సంగతిని ఎంపికదారులకు తెలిపారు. ఎవరు పెద్దవారో, ఎవరు చిన్నవారో ఆట చూస్తున్నంతసేపూ కంటికి కనబడుతూ ఉండడంతో పెద్దవారి పట్ల పక్షపాతం తొలగిపోయింది. పుట్టిన తేదీల జాబితాను విడిగా చేతికి ఇచ్చినప్పుడు మాత్రం ఆ ఫలితం రాలేదు. తెలిసి ఉండడం వేరు. చూసే క్షణంలో తోచడం వేరు.

ఇంటివద్ద ఆలోచింపదగినవి

ఈ విషయం ఆటతో ఆగదు. ఆంటారియోలో బడిప్రవేశానికి కూడా డిసెంబరు 31వ తేదీయే గీత. ఇదే గీతను పాటించే బ్రిటిష్ కొలంబియాలో తొమ్మిది లక్షలకు పైబడిన పిల్లల వివరాలను పరిశీలించి 2012లో ప్రకటించిన వైద్య పరిశోధన ఒకటి ఉన్నది. ఏకాగ్రత లోపించిన అతిచురుకుదనం అనే రుగ్మత ఉన్నట్లు నిర్ధారణ పొందడం జనవరిలో పుట్టిన బాలురకన్న డిసెంబరులో పుట్టినవారిలో 30 శాతం, బాలికలలో 70 శాతం ఎక్కువగా ఉన్నదని అందులో తేలింది. చిన్నతనాన్ని రోగంగా పొరబడిన సందర్భాలు ఇందులో ఎన్నో ఉండవచ్చు. నవంబరు, డిసెంబరు నెలలలో పుట్టిన బిడ్డ గల తలిదండ్రులు బడిలోనైనా, మైదానంలోనైనా ఎవరితో పోలుస్తున్నారో ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది.

శిక్షకుని వద్దకు పోయి "మావాణ్ణి ఎందుకు ఆడించలేదు?" అని నిలదీయడంవల్ల ప్రయోజనం తక్కువ. "ఇంకేమి నేర్చుకుంటే మరికొన్ని నిమిషాలు ఇస్తారు?" అని అడిగితే సాధనకు దారి దొరుకుతుంది. బిడ్డ ఎన్ని గోల్స్ చేశాడన్నది అదృష్టంతో కలగలిసిన అంకె. సరైన స్థలానికి సరైన వేళకు చేరాడా అన్నది అతని చేతిలోని పని. ఇంటికి వచ్చే దారిలో కారులో మెచ్చుకోదగినది ఆ రెండవదే.

ఇంత చెప్పినా ఒక జాగ్రత్త అవసరం. సమయం ఇచ్చిన ప్రతివాడూ మేటి కాడు. ఓపికతో అవకాశాలు ఇచ్చినా రాణించనివారు ఎందరో ఉన్నారు. వారి పేర్లు ఎవరికీ గుర్తుండవు గనుక సఫలమైనవారి కథలే చెవిన పడతాయి. అవకాశం ఇవ్వడమంటే విజయానికి హామీ కాదు. తీర్పుకు తగినంత ఆధారం సేకరించడం.

హైదరాబాదీ వి.వి.యస్. లక్ష్మణ్ 1996 నవంబరులో అహమ్మదాబాదులో తొలి టెస్టు ఆడాడు. ఆ తరువాత మూడేండ్లకు పైగా జట్టులోకి వస్తూ పోతూ, తనది కాని ప్రారంభ బ్యాటరు స్థానంలో ఆడుతూ, ఒక్క సెంచరీ అయినా చేయలేదు. 2000 జనవరిలో సిడ్నీలో 167 పరుగులు చేశాడు. 2001 మార్చిలో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద 281 పరుగులు చేసి ఓటమి అంచున ఉన్న జట్టును గెలుపు బాట పట్టించాడు. 2012లో విరమించేనాటికి 134 టెస్టులలో 8,781 పరుగులు అతని ఖాతాలో ఉన్నాయి. తొలి మూడేండ్ల అంకెలనే తుది తీర్పుగా తీసుకొని ఉంటే ఆ కలకత్తా సాయంకాలం చరిత్రలో ఉండేది కాదు.

పువ్వు పుట్టగానే పరిమళించడం అబద్ధం కాదు. టవారెస్ వంటివారు దానికి సాక్షులు. కాని మొగ్గ విచ్చకముందే వాసన లేదని త్రుంచివేసినవారికి ఆ సామెతను వాడుకొనే హక్కు లేదు. వచ్చే శనివారం మిస్సిసాగా మంచు మైదానంలో బెంచీ చివర కూర్చొని, స్కేటు మడమతో నేలను తట్టుతూ తన వంతుకోసం ఎదురుచూసే బాలుడు ఏ కోవకు చెందినవాడో అతని తలిదండ్రులకు తెలియదు, అతనికీ తెలియదు, శిక్షకునికీ తెలియదు. అది తెలియడానికి ఉన్న మార్గం ఒక్కటే. అతనిని మంచుమీదికి పంపాలి.